మా వాగు ఇసుకను ఆపుకోవడానికి ఏడాది పట్టింది: నా అనుభవం

మా వాగులో ఇప్పుడు రాత్రిపూట ఇసుక తోడే ట్రాక్టర్లు దిగడం లేదు. గ్రీన్ ట్రిబ్యునల్‌లో మేం వేసిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కానీ పోయిన సంక్రాంతికీ ఈ సంక్రాంతికీ బావుల్లో తేడా కండ్లకు కనపడుతోంది. తెలంగాణలో దుందుభి నది చుట్టుపక్కల ఇదే బాధ పడుతున్న ఊళ్లు చాలా ఉన్నాయి. ఎక్కడికి పోవాలి, ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది అని ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా రాసిపెడితే నలుగురికీ పనికొస్తుందని కూర్చున్నా. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. కోర్టులో ఉన్న విషయం, పైగా ఇటు నిలబడ్డవాళ్లూ అటు నిలబడ్డవాళ్లూ మా ఊరివాళ్లే.

నేను మహిళా సంఘంలో పుస్తకాలు రాస్తాను. వాగు ఒడ్డున మాకు మూడెకరాలు, ఒక బావి, ఒక బోరు. ఈ వాగు పోయి దుందుభిలో పడుతుంది. దుందుభి కిందికి పోయి డిండి అవుతుంది, డిండి కృష్ణలో కలుస్తుంది. కాలువ నీళ్లు మా పొలాల దాకా రావు. వాగులో ఇసుక ఉంటే వానకాలం నీళ్లు అందులో నిలుస్తాయి, బావులు ఊరతాయి. ఇసుక పోతే వచ్చిన నీళ్లు వచ్చినట్టే డిండికి పోతాయి. మా అత్త కాలంలో ఎండాకాలం కూడా వాగులో చెలిమ తీసుకొని బిందెలు నింపుకొనేవాళ్లు. పోయిన ఏడాది అదే చోట నేను మోకాలి లోతు తోడితే నల్ల బంకమట్టి వచ్చింది.

2025 జనవరిలో పల్లి కాయ ఊరే టైంకు మా బావి అడుగు తేలింది. పక్క పొలంవాళ్లది అంతకు ముందే ఎండింది. రాత్రి పదకొండు దాటాక ట్రాక్టర్లు దిగుతున్నాయని అందరికీ తెలుసు. తెల్లారేసరికి చెక్‌డ్యాం కింద కొత్త గుంత కనపడేది. ఎవరూ నోరు తెరిచేవాళ్లు కాదు. ఎందుకంటే ట్రాక్టర్లు బయటివాళ్లవి మాత్రమే కాదు. మా మరిది కొడుకు కూడా ఫైనాన్స్‌లో ట్రాక్టర్ తెచ్చుకున్నాడు. దుక్కి పనులు ఏడాదిలో కొన్నాళ్లే ఉంటాయి, కిస్తీ మాత్రం ఆగదు. ట్రిప్పుకు ఇంతని వచ్చే ఇసుక పైసలతోనే వాడు కిస్తీ కట్టేవాడు.

ఆ జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్ల లిస్టుల కోసం రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. మా ఊరి సభలో నేను లేచి ఇసుక సంగతి ఎత్తాను. ఇవాళ పథకాల గురించే మాట్లాడాలమ్మా, అది వేరే కాగితం మీద ఇవ్వండి అన్నారు. అప్పటికి సర్పంచుల పదవీకాలం అయిపోయి ఏడాది కావస్తోంది, ఊరికి ప్రత్యేకాధికారి ఉన్నారు. ఆయనకు మాతోపాటు ఇంకా ఊళ్లు ఉన్నాయి. సర్పంచ్ ఉంటే ఇంటికి పోయి కొట్లాడొచ్చు, ప్రత్యేకాధికారి ఇల్లు ఎక్కడో కూడా మాకు తెలియదు.

ఫిబ్రవరి 3 సోమవారం సంఘంలో కొంతమందిమి కలిసి కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయాం. పొద్దున్నే బస్సెక్కినా లైన్ బయటిదాకా ఉంది. పేరు రాసుకొని రసీదు ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. ఆ రసీదు పారేయొద్దు. తర్వాత ప్రతి కాగితంలో ఆ నంబరు, తేదీ అడిగారు. కలెక్టర్ గారికి కాగితం ఇచ్చినప్పుడు ఇక పనైపోయినట్టే అనుకొని అందరం సంతోషంగా తిరిగొచ్చాం. అక్కడ ఇచ్చింది మళ్లీ మన మండలానికే విచారణకు వస్తుందని అప్పుడు తెలియదు. మార్చి మొదట్లో జవాబు వచ్చింది. 'విచారించగా సదరు వాగులో అక్రమ రవాణా జరుగుట లేదు' అని రెండు లైన్లు. విచారణకు వచ్చినవాళ్లు పగలు మధ్యాహ్నం వచ్చారు. మా ఎవరి బావి దగ్గరికీ రాలేదు. ఆ కాగితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం అబద్ధం ఆడినట్టు రాశారు కదా అని కడుపు మండింది.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టమని మా ఊరి నుంచి హైదరాబాద్‌లో చదువుకుంటున్న పిల్లవాడు చెప్పాడు. ఊరి పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు. మార్చి 12న తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చాం. 'మా వాగులో ఇసుక ఎత్తుకుపోతున్నారా' అని అడిగితే లేదనే వస్తుంది. అందుకే ఎవరి పేరు మీద ఎన్ని ట్రిప్పులకు పర్మిట్ ఇచ్చారు, ఏ పనికి ఇచ్చారు, ఏ తేదీన, ఏ ట్రాక్టర్ నంబరుకు అని అడిగాం. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వలేదు. ఏప్రిల్ మధ్యలో ఆర్డీవో ఆఫీసుకు అప్పీలు రాశాం. దానికి ఫీజు లేదు. మే ఆఖరుకు కాగితాలు వచ్చాయి, పేజీకి 2 రూపాయల లెక్కన కట్టి తెచ్చుకున్నాం. పర్మిట్లన్నీ సీసీ రోడ్డుకు, బడి రిపేరుకు అని ఉన్నాయి, అన్నీ పగటిపూటవే. మా దగ్గర ఉన్న పుస్తకంలోవన్నీ రాత్రులవి.

ఆ పుస్తకం ఎలా వచ్చిందో చెప్పాలి. మార్చి 30 ఉగాది అయ్యాక కాపలా మొదలుపెట్టాం. వాగులోకి దిగే దారి దగ్గర చింతచెట్టు కింద మంచాలు వేసుకొని ఆడవాళ్లం వంతులవారీగా పడుకున్నాం. మగవాళ్లు ఉంటే కొట్లాట అవుతుందని వాళ్లను దూరంగా ఉంచాం. ట్రాక్టర్ వస్తే అడ్డం పోలేదు. టైము, నంబరు, ఎటు పోయింది అనేది మాత్రం సంఘం పుస్తకంలో వెనక పేజీల్లో రాశాం. కొన్నిటికి నంబర్ ప్లేటే లేదు. అప్పుడు రంగు, ట్రాలీ మీద రాసిన దేవుడి పేరు రాశాం. ఏప్రిల్‌లో ఒక రాత్రి డ్రైవర్ ఒకడు లైట్లు ఆర్పి మా మంచాల మీదికే బండి తోలాడు. పక్కన పడుకున్న ముసలామెను గుంజి పక్కకు దొర్లించాం. ఆమె మోచేయి కొట్టుకపోయింది. పోలీసులకు ఫోన్ చేస్తే వచ్చారు, ట్రాక్టర్ పోయాక వచ్చారు. తెల్లారి స్టేషన్‌కు పోతే, రాత్రుళ్లు దారికి అడ్డంగా ఉంటే మిమ్మల్నే తహసీల్దార్ ముందు బైండోవర్ చేయాల్సి వస్తుందని, అంటే గొడవ చేయమని పూచీ రాయించుకుంటామని చెప్పారు. కాళ్లు వణికాయి. ఇండ్లల్లో ఆడపిల్లల పెండ్లిళ్లు ఉన్నవాళ్లు ఆ రోజుతో కాపలాకు రావడం మానేశారు. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనలేదు.

బావులు కొలవడం కూడా అప్పుడే మొదలైంది. ఇదే అన్నిటికంటే పనికొచ్చింది, కాబట్టి వివరంగా రాస్తాను. నైలాన్ తాడుకు కొసన ఇనుప నట్టు కట్టాం. టేపు పెట్టి ఫీటుకొక ముడి వేశాం, పదో ముడికి ఎర్రగుడ్డ చుట్టాం. బావి ఒరకు సున్నంతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడు కొలిచినా ఆ గుర్తు మీదనుంచే తాడు వదిలాం. అమావాస్యకొకసారి, పున్నానికొకసారి. ఇక్కడ ఒక ఇబ్బంది వచ్చింది. కరెంటు ఇరవైనాలుగు గంటలు ఉంటుంది, అందరి మోటర్లకూ ఆటో స్టార్టర్లు ఉన్నాయి. మోటర్ నడుస్తుంటే నీళ్ల అసలు మట్టం దొరకదు. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగి ఆటో స్టార్టర్ తీసేయమని బతిమాలాలి. నారు ఎండుతోంది అని తిట్టినవాళ్లు ఉన్నారు. బోర్లలో మోటరు పైపుకు తాడు ఇరుక్కుంటుంది, అందుకని బావులే కొలిచాం. వాగుకు దగ్గరున్నవి, దూరంగా ఉన్నవి రెండూ కొలవాలి. దూరపు బావిలో నీళ్లు కొంచెమే తగ్గి, వాగు ఒడ్డు బావిలో ఎక్కువ తగ్గితే అది వానలు లేక కాదని ఎవరికైనా అర్థమవుతుంది. మేం రాసుకున్న లెక్కల్లో అదే తేలింది.

ఫొటోలు ఊరికే తీస్తే చెల్లవు. తేదీ, టైము, అక్షాంశ రేఖాంశాలు ఫొటో మీదే పడే యాప్ ఉంటుంది, దాంతో తీయాలి. చెక్‌డ్యాం కింద కాంక్రీటు నేల బయటపడి, దాని కింద మట్టి కొట్టుకపోయి బొంద పడింది. అక్కడ స్కేలు కర్ర నిలబెట్టి నెలనెలా ఒకే చోటునుంచి తీశాం.

ఇంకో సంగతి. మా పైఊరి కుంట దగ్గర ఫిల్టర్ ఇసుక చేస్తున్నారు. పొలంలో మట్టి తవ్వి గుంతలో పోసి, బోరు నీళ్లు పైపుతో కొట్టి కడుగుతారు. సన్నమట్టి అంతా బురదై వాగులోకి పోతుంది, అడుగున మిగిలిన గరుకుదాన్ని ఇసుక అని అమ్ముతారు. ఆ ఇసుకతో కట్టిన గోడ పెచ్చులూడుతుంది, అది వేరే కథ. మాకు నష్టం ఏమిటంటే ఆ బురద వచ్చి మా చెక్‌డ్యాం వెనక పేరుకొని, నీళ్లు భూమిలోకి దిగకుండా చేస్తుంది. ఒక ఊరు తన ఇసుక కాపాడుకుంటే సరిపోదని అక్కడ చూశాకే తెలిసింది. పైఊరి సంఘంవాళ్లతో మాట్లాడితే ఇద్దరు ధైర్యం చేసి సంతకం పెట్టారు.

మే నెలలో ఊళ్లో గొడవ ముదిరింది. ఇందిరమ్మ ఇండ్లు మొదలయ్యాయి. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇసుక ఉచితం అని ప్రభుత్వం చెప్పింది. మా దగ్గర ఇసుక ఉంది, మేం ముట్టొద్దంటున్నాం. మా పక్కింటి ఒంటరి ఆమెకు ఇల్లు వచ్చింది, ఆమె వచ్చి "వదినా, నా ఇల్లు ఆగితే నీకు పుణ్యమా?" అని ఏడ్చింది. అదే వారం మా మరిది కొడుకు వాకిట్లో నిలబడి, "పెద్దమ్మా, నా కిస్తీ నువ్వు కడతవా?" అన్నాడు. వాడిని నేనే ఎత్తుకొని పెంచాను. ఆఫీసుల చుట్టూ తిరిగిన బాధంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ప్రత్యేకాధికారిని బతిమాలి మే చివర గ్రామసభ పెట్టించాం. పొద్దుగూకే దాకా నడిచింది. నీళ్లు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002లో వచ్చింది. దాని నిబంధనల్లో బావులకు, బోర్లకు, వంతెనల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయొద్దని ఉంది. ఆ ముక్క చదివి వినిపించి, వాగు మ్యాపు చాపమీద పరిచాం. ఊరి కింద వాగు మలుపు దగ్గర ఒక్కచోటే బావులు దూరంగా ఉన్నాయి. ఊరి ఇండ్లకు మాత్రమే, పగటిపూట, పంచాయతీ చీటీ మీద, పారలతో నింపుకొని, లోతుకు పోకుండా ఆ మలుపులో తీసుకోవాలి. ఆ ట్రిప్పులు ఊరి ట్రాక్టర్లకే ఇవ్వాలి. బయటికి ఒక్క ట్రాలీ పోవద్దు. ఇలా తీర్మానం రాశాం. పంచాయతీ కార్యదర్శి, ప్రత్యేకాధికారి సంతకాలు పెట్టారు. కింద సంతకాలు, వేలిముద్రలు కలిపి నాలుగు పేజీలు నిండాయి. పక్కింటామె కూడా సంతకం పెట్టింది. మా మరిది పెట్టలేదు.

ట్రాక్టర్లు మాత్రం ఆగలేదు, జూన్‌లో వానలు పడేదాకా తిరిగాయి. అప్పుడు పర్యావరణం కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోదామని అనుకున్నాం. దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉంది. హైదరాబాద్‌లో వకీలును పట్టుకుంటే ఆయన మొదట అడిగింది మా బాధ కాదు, 'ఎప్పుడు మొదలైంది' అని. ఆపమని అడిగే దరఖాస్తు ఆరు నెలల్లో వేయాలట. ఆ తర్వాత ఆలస్యానికి కారణం చూపితే ఇంకో అరవై రోజులు. జనవరినుంచి లెక్క పెడితే గడువు దగ్గరికొచ్చింది. ప్రజావాణి, ఆర్డీవో అని తిరుగుతూ కూర్చుంటే ఆ గడువు దాటిపోయేది. మీరెవరైనా పోవాలనుకుంటే ఈ ఒక్కటి మనసులో పెట్టుకోండి. జులై 10న వేశారు.

ఖర్చులు చెబుతాను. నష్టపరిహారం అడగకపోతే ట్రిబ్యునల్ ఫీజు 1000 రూపాయలే. అసలు ఖర్చు వేరే ఉంది. మన తెలుగు కాగితాలన్నిటినీ ఇంగ్లిష్‌లోకి మార్చి ఇవ్వాలి. ప్రజావాణి రసీదు, గ్రామసభ తీర్మానం, కాపలా పుస్తకం, బావుల లెక్కలు, అన్నీ. పేజీకి 150 రూపాయలు తీసుకున్నారు, దానికే తొమ్మిది వేలు దాటింది. వకీలు ఫీజు తగ్గించుకొని 20,000 తీసుకున్నారు. నోటరీ, జిరాక్సులు, కలర్ ఫొటోలు, ప్రతి అధికారికీ రిజిస్టర్ పోస్టులు, బస్సు చార్జీలు కలిపి మొత్తం 46,000 దాకా అయింది. కూలి పోయిన రోజుల లెక్క ఇందులో లేదు. సంఘం పైసలు ముట్టలేదు, అది బ్యాంకు అప్పు. మోటరుకు 500 చొప్పున వేసుకున్నాం. భూమి లేనివాళ్లు కూడా 50, 100 ఇచ్చారు. రోజు కూలికి పోయే ఒకామె కొంగున ముడి విప్పి ఇచ్చిన నోట్లు తీసుకుంటుంటే నాకు మాట రాలేదు.

వేయగానే కేసు కాదు. కాగితాల్లో లోపాలున్నాయని వెనక్కి పంపారు. ఒక ఫొటో సరిగ్గా కనపడటం లేదని, ఒక పేజీకి నంబరు లేదని. అవి సరిచేసి నంబరు పడేసరికి ఆగస్టు అయిపోయింది. సెప్టెంబరు ఆఖరు వారంలో మొదటిసారి విచారణకు వచ్చింది. చెన్నై పోనక్కర్లేదు, ఫోన్‌లో చూడొచ్చు. పొద్దున పదిన్నరనుంచి సంఘం ఆఫీసులో ఫోన్ ముందు కూర్చున్నాం. మా నంబరు మధ్యాహ్నం వచ్చింది. నాలుగైదు నిమిషాలు మాట్లాడారు, అంతా ఇంగ్లిష్‌లో. అయిపోయిందని కూడా మాకు తెలియలేదు. వకీలు ఫోన్ చేసి, అధికారులకు నోటీసులు ఇచ్చారు, ఉమ్మడి కమిటీ వచ్చి చూసి నివేదిక ఇవ్వాలన్నారు అని చెబితే అప్పుడు కేకలు వేశాం.

అక్టోబరు 2న దసరా. ప్రతి ఏడూ మరిది కొడుకు జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కేవాడు. ఈసారి మా గడప తొక్కలేదు.

అక్టోబరు చివర మొంథా తుపాను వానకు వాగు ఒడ్డులు దాటి వచ్చింది. నీళ్లు తగ్గాక చూస్తే ట్రాక్టర్లు తోడిన గుంతల్లో సగం కొత్త ఇసుకతో నిండిపోయాయి. అందరూ గంగమ్మ దయ అన్నారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. కమిటీ వచ్చి చూసేసరికి ఇక్కడేం తవ్వలేదు అంటారేమోనని. నవంబరు మూడో వారంలో నాలుగు జీపుల్లో వచ్చారు. రెవెన్యూ, గనులు, కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భ జల శాఖ. భూగర్భ జల శాఖ నుంచి వచ్చినాయన మా పుస్తకం అడిగి తీసుకొని చెట్టు కింద కూర్చొని ఒక్కో పేజీ తిప్పారు. తర్వాత తన టేపును మా సున్నం గుర్తు మీదనుంచే బావిలోకి వదిలారు. మేం అదే పొద్దున తాడుతో కొలిచినదానికీ ఆయన టేపుకూ నాలుగు అంగుళాలు కూడా తేడా రాలేదు. "ఎవరు నేర్పించారమ్మా?" అని అడిగారు. చెక్‌డ్యాం కింద బొంద దగ్గరికి తీసుకుపోయి పాత ఫొటోలు పక్కన పెట్టి చూపించాం. వరద ఇసుక తెచ్చింది కానీ ఆ కాంక్రీటు కింద పోయిన మట్టిని తేలేదు. గనుల శాఖవాళ్లు కూడా అది ఒప్పుకోక తప్పలేదు.

డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఓటుకు వచ్చిన ప్రతి అభ్యర్థి చేతా మే నెల తీర్మానానికి కట్టుబడి ఉంటామని సంఘం పుస్తకంలో సంతకం పెట్టించాం. గెలిచినాయన మొదటి సమావేశంలోనే వాగు దారికి ఇనుప గేటు పెట్టించి, తాళం చెవి పంచాయతీలో ఉంచారు.

కమిటీ నివేదిక జనవరిలో చేరింది. బావులకు 500 మీటర్ల లోపు తవ్వారని, చెక్‌డ్యాం పునాది దెబ్బతిన్నదని రాశారు. ఎంత ఇసుక పోయిందో తేల్చలేమన్నారు. అది మాకు బాధ కలిగించింది, పోయిందంతా ఎవరి ఖాతాలోనూ పడలేదు. ఆ 500 మీటర్ల మేరలో చేతితో గానీ యంత్రంతో గానీ తీయొద్దని, కలెక్టర్ చూసుకోవాలని ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ కాగితం తెలుగులో రాయించి గేటు పక్కన, పంచాయతీ గోడకు అతికించాం, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చాం. ఈ సంక్రాంతికి మా బావిలో నీళ్లు పోయిన సంక్రాంతికన్నా పదకొండు ఫీట్లు పైన ఉన్నాయి. వానలు బాగా పడ్డాయి, అదంతా మా గొప్ప అనను. పల్లి మాత్రం ఈసారి ఎండలేదు.

మార్చి నాలుగో వారంలో వాయిదా ఉంది. చెక్‌డ్యాం రిపేరుకు డబ్బు ఎవరు కట్టాలనేది, పైఊరి ఫిల్టర్ గుంతల సంగతి ఆ రోజు వాదిస్తామని వకీలు చెప్పారు. దానికి పైఊరి బావుల లెక్కలు కూడా కావాలట. వాళ్లకోసం ఇంకో తాడు ముడులు వేసి పంపించాం. వచ్చే అమావాస్యకు మొదటిసారి కొలుస్తారు.